పిట్ట వచ్చిన వేసవి

బడులు తెరవడానికి ముందు నెలలో టైలరమ్మకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. వీధిలో సగం మంది పిల్లల యూనిఫాంలు ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. పైకప్పు పెనంలా కాలుతుంటుంది. దాని కింద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను, దాని చుట్టూ మోకాళ్ల లోతు నీలం గుడ్డ. అలాంటి నెలలో ఆమె మూడు రోజులపాటు ఒక్క యూనిఫాం కూడా ముట్టుకోలేదు. కూర్చుని ఐదు గౌన్లు కుట్టింది, అవీ ఎవరూ కొలతలివ్వని గౌన్లు.

"మా పిట్ట వస్తోంది" అని అడిగినవాళ్లకీ చెప్పింది, అడగనివాళ్లకీ చెప్పింది.

పిట్ట ఆమె అక్క కూతురు. పిల్లకు ఏడాదిన్నర ఉన్నప్పుడు అక్కకు మళ్లీ నెల తప్పింది. కవలలని తేలింది. మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. "రెండు నెలలు చూసుకోవే, నా తల్లివి కదూ" అంటూ అక్క పిల్లను తెచ్చి చెల్లెలి ఒళ్లో పెట్టింది. పెళ్లయి ఆరేళ్లయినా కడుపు పండని చెల్లెలు రెండు చేతులూ చాచి అందుకుంది. కవలలు ఏడో నెలలోనే పుట్టారు, గుప్పెడంత ప్రాణాలు. వాళ్లను దక్కించుకునే పరుగులో అక్కకు పగలేదో రాత్రేదో తెలియలేదు. అనుకున్న రెండు నెలలు ఐదేళ్లయ్యాయి. మాటలు వచ్చిన పిట్ట టైలరమ్మను "అమ్మా" అంది. ఆమె భర్తను, అంటే సిటీ బస్సు డ్రైవరును, "నాన్నా" అంది. అప్పుడప్పుడూ వచ్చి చూసిపోయే కన్నతల్లికి మాత్రం "ఊరమ్మ" అని పేరు పెట్టింది. ఊరి నుంచి వచ్చే అమ్మ కాబట్టి ఊరమ్మ. ఆ మాటకు అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో టైలరమ్మకు అప్పట్లో కనిపించలేదు. చూడదలచుకోలేదు అంటే ఇంకా నిజం.

ఆరున్నరేళ్లు వచ్చాక అక్కా బావా వచ్చి పిల్లను తీసుకెళ్లారు. న్యాయమే. ఎవరి బిడ్డను వాళ్లు తీసుకుపోతుంటే కాదనడానికి నోరేది? ఆ తర్వాత వరసగా నాలుగు వేసవులు పంపమని అడిగింది. ఒకసారి కవలలకు జ్వరమన్నారు, ఒకసారి ఈత క్లాసులన్నారు, ఒకసారి చూద్దాంలే అన్నారు. మొదటి ఏడు ఒకసారి తనే వెళ్లింది కానీ, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చుట్టపుచూపే అయింది. ఐదో వేసవికి ఏమనుకుందో ఏమో, అక్కే ఫోను చేసింది.

"ఇరవై రోజులు పంపుతున్నానే. మీ బావ తీసుకొచ్చి దింపుతారు."

ఫోను పెట్టేసి టైలరమ్మ కాసేపు గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

* * *

గుమ్మంలోకి వచ్చిన పిల్లను టైలరమ్మ కింది నుంచి పైదాకా చూసింది. తల తన చెవి దాకా వచ్చింది. చేతులూ కాళ్లూ పొడుగ్గా, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. బుగ్గలు ఎక్కడికో పోయాయి.

"బాగున్నారా పిన్నీ?" అంది పిట్ట.

పిన్ని అంటుందని ఆమెకు తెలుసు. నాలుగేళ్లుగా ఫోనులో వింటున్న మాటే. దానికి మనసును సిద్ధం చేసుకునే ఉంది. కానీ ఆ "బాగున్నారా"కు సిద్ధంగా లేదు. ఒకప్పుడు "నువ్వు రా, నువ్వు పో, నువ్వు నాతో మాట్లాడకు" అని మెడకు వేలాడిన పిల్ల ఇప్పుడు తనను "మీరు" అంటోంది.

గౌన్లు ఐదూ మోకాలికి జానెడు పైనే ఆగిపోయాయి. చంకల కింద బిగుసుకుపోయాయి.

"చాలా బాగున్నాయి పిన్నీ, థాంక్స్" అంది పిట్ట, చేతులు కిందికి దించలేక రెక్కల్లా పెట్టుకుని.

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఊరందరికీ వెంట్రుకవాసి తేడా రానివ్వని టైలరమ్మవి! సొంతింటి కొలత దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఐదేళ్లు వెనక్కెళ్లిందేం?"

ఆయన హాస్యానికే అన్నాడు. ఆమె మాత్రం గౌన్లు తీసుకుని కుట్లు విప్పుతూ కూర్చుంది.

పిట్ట ఇంట్లో చుట్టంలా తిరిగింది. లేవగానే దుప్పటి మడతపెట్టేది. ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి "చల్లనీళ్లు తీసుకోనా పిన్నీ?" అని అడిగేది. తిన్న పళ్లెం తనే కడిగి బోర్లించేది. అంత బుద్ధిమంతురాలిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. టైలరమ్మ మాత్రం, ఒక్కసారి అల్లరి చెయ్యవే, ఒక్కసారి అన్నం వద్దని పళ్లెం తోసెయ్యవే అని లోలోపల బతిమాలుకునేది. పిల్ల పక్కనే ఉంది. అయినా దూరాన ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ బెంగగా ఉంది. దూరాన ఉన్నప్పుడు కనీసం తలుచుకున్న పిల్ల తనదే అయ్యేది.

* * *

ఆరో రోజున కింది వాటాలో ఉండే టీచరమ్మ తన కొడుకు యూనిఫాం కోసం వచ్చింది. ఆవిడ ఆ ఇంట్లో దిగి మూడేళ్లయింది. పిట్టను ఎప్పుడూ చూడలేదు. గుండీలు ఏరుతూ కూర్చున్న పిల్లను చూసి ముఖం ఇంత చేసుకుంది.

"ఓహో, ఈవిడేనా మీ అమ్మాయి! చదువు కోసం మీ అక్కగారింట్లో ఉంచామన్నారే, తనే కదూ? మీ అమ్మకు ఎప్పుడూ నీ మాటేనమ్మా."

పిట్ట తలెత్తి మర్యాదగానే చెప్పింది. "నేను వీళ్లమ్మాయిని కాదండీ. మా అమ్మ పిన్నికి అక్క."

గదిలో మిషను చప్పుడు ఆగింది. టీచరమ్మ ఒకసారి పిల్ల వైపు, ఒకసారి టైలరమ్మ వైపు చూసింది. చదువుకున్న మనిషి, ఇంకేమీ అడగలేదు. "ఎల్లుండి వచ్చి తీసుకుంటాలెండి" అని మెట్లు దిగిపోయింది.

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ అబద్ధం ఆమె ఏదో ఎత్తు వేసి ఆడింది కాదు. మూడేళ్ల క్రితం కొత్తగా వచ్చిన మనిషి "పిల్లలెందరు?" అని అడిగితే, గోడ మీది ఫోటో వైపు చూస్తూ "ఒక్కతే అమ్మాయి" అని నోరు జారింది. జారిన మాటకు తర్వాత కాళ్లొచ్చాయి, చేతులొచ్చాయి. ఇప్పుడది ఇలా ఆ పిల్ల ముందే కూలబడింది.

ఆ పూట ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే అతికించింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. పిట్టను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పెద్ద మాటైంది. రెండింటికి డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు సంగతంతా విని, చొక్కా విప్పి దండెం మీద వేస్తూ అన్నాడు.

"చూడు, రోజంతా నన్ను ఒకడు డ్రైవరూ అంటాడు, ఒకడు అన్నా అంటాడు, ఒకడు ఓయ్ అంటాడు. ఎవడెలా పిలిచినా స్టాపు వస్తే ఆపుతానా లేదా?"

"మీకేం, మీది ఇనప గుండె."

"ఇనపదే" అన్నాడాయన. చెంబులో నీళ్లు ముంచుకుంటూ, "నాక్కూడా బాబాయి అన్న మాట ఇంకా చెవికెక్కలేదు. దానికి తెలియనివ్వడం లేదు, అంతే" అన్నాడు.

* * *

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. టైలరమ్మ గచ్చు మీద నీళ్లు చల్లి, ఆ తడి మీదే వెల్లకిలా పడుకుంది. డ్రైవరు ఇంకా డ్యూటీ దిగలేదు. పిట్ట ఒక గిన్నెలో పుచ్చకాయ ముక్కలు పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, మీరు నిన్నటి నుంచీ ఏం తినలేదు."

"ఆకలి లేదమ్మా. నువ్వు తిను."

"నా మీద కోపమా?"

"నీ మీద కోపమేంటి? ఉన్న మాటే కదా అన్నావు."

పిట్ట గిన్నెను ఠక్కున గచ్చు మీద కుదేసింది. ముక్కలు ఎగిరిపడ్డాయి. పిట్ట పెదవి వణికింది, అచ్చం నాలుగేళ్లప్పుడు వణికినట్టే.

"నేను నిన్ను అమ్మా అంటే అక్కడ అమ్మ తలుపేసుకుని ఏడుస్తుంది. పిన్నీ అంటే ఇక్కడ నువ్వు అన్నం మానేస్తావు. మరి నిన్నేమని పిలవమంటావు? చెప్పు, నువ్వే చెప్పు!"

టైలరమ్మ లేచి కూర్చుంది. పిల్ల నోట "నువ్వు" వచ్చిందని మనసు పట్టుకుంది కానీ, దానికి సంతోషించే పరిస్థితి కాదది. ఇన్నేళ్లూ తన బెంగే బెంగ అనుకుంది. ఇద్దరు పెద్దవాళ్ల బెంగను ఈ బక్కపిల్ల ఒక్కతే భుజాన వేసుకు తిరుగుతోందని ఆమెకు తట్టనే లేదు.

"అక్కడ అమ్మ ఏమందే?" అంది మెల్లగా.

పిట్ట వెక్కుతూ చెప్పింది. వెళ్లిన కొత్తలో రోజూ "అమ్మ దగ్గరికి పోతా" అని ఏడ్చేదట. ఒకరోజు వాళ్లమ్మకు ఓపిక నశించి, "ఇంకోసారి దాన్ని అమ్మ అన్నావంటే నీతో మాట్లాడను" అందట. "అన్నాక అమ్మే నాకంటే ఎక్కువ ఏడ్చింది. అందుకే మళ్లీ అనలేదు. ఇక్కడికొచ్చాక పొరపాటున ఎక్కడ అనేస్తానో అని మీరు, మీరు అంటున్నా. మీరు అంటే నోరు జాగ్రత్తగా ఉంటుంది."

టైలరమ్మ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. పొడుగు కాళ్లు ఒళ్లో పట్టలేదు. పట్టినంత వరకే పట్టుకుంది.

"పిన్నీ అనే పిలువు. నేను పిన్నినే. నువ్వు తప్పేం అనలేదు, తప్పు మాట అన్నది నేను" అంది.

ఇద్దరూ గచ్చు మీద పడ్డ ముక్కలేరి, కడుక్కుని తిన్నారు.

సాయంత్రం పూర్తయిన యూనిఫాం పట్టుకుని, పిట్టను వెంటబెట్టుకుని ఆమె కింది వాటాకు వెళ్లింది.

"టీచరుగారూ, మీకో అబద్ధం చెప్పాను. ఇది మా అక్క కూతురు. ఐదేళ్లు పెంచాను. మనసుకు ఆ తేడా తెలియక అలా చెప్పేశాను."

టీచరమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టింది. "నాకు నిన్ననే అర్థమైంది, కూర్చోండి" అంది. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు.

* * *

ఆ తర్వాత ఆమె అక్కకు ఫోను చేసింది. ఏమనాలో వంద రకాలుగా అనుకుంది కానీ, తీరా నోటికొచ్చింది ఒక్కటే.

"అక్కా, నువ్వూ రా. చివరి నాలుగు రోజులైనా వచ్చి ఉండు."

"పిల్ల బాగానే ఉందా?" అంది అక్క.

"బాగానే ఉంది. మనమిద్దరమే బాగాలేం."

"ఆయనతో చెప్పి వస్తా" అంది అక్క.

కవలలను బావకు అప్పగించి అక్క వచ్చింది. మొదటి రోజంతా అక్కచెల్లెళ్లిద్దరూ ఎండ గురించీ ధరల గురించీ మాట్లాడుకున్నారు. పిట్ట ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూస్తూ పిల్లిలా తిరిగింది. రెండో రోజు మధ్యాహ్నం టైలరమ్మ కాజాలు కుడుతుంటే అక్క పక్కన కూర్చుని గుండీలు అందిస్తోంది. ఉన్నట్టుండి ఆమె తల వంచుకుని అంది.

"దానికి మొదటి పన్ను ఎప్పుడు ఊడిందే?"

టైలరమ్మ సూది ఆపింది.

"ఎప్పుడు అడిగినా దానికి గుర్తులేదంటుంది. ఎవరినడగను? తొలి మాటేమిటో తెలీదు. బడికి మొదటిరోజు ఏడ్చిందో లేదో తెలీదు. మిగతా ఇద్దరివీ అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. దీనిది మాత్రం సగం నుంచి మొదలైన పుస్తకంలా నా చేతికొచ్చింది. నిన్ను అడగాలంటే సిగ్గు. పంపాలంటే భయం. ఇక్కడికొస్తే ఇక రానంటుందేమోనని నాలుగేళ్లు సాకులు చెప్పానే."

టైలరమ్మ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. తను పోగొట్టుకున్నది పిల్ల పెద్దయిన ఏళ్లు, అక్క పోగొట్టుకున్నది పిల్ల పసితనం. ఒకరి దగ్గరున్నది రెండోవాళ్లకు లేదు.

"బడికి మొదటిరోజు ఏడవలేదు" అని మొదలుపెట్టింది. "నేనే ఏడ్చాను. అది వెనక్కి తిరిగి, 'సాయంత్రం వస్తాగా, ఏడవకు' అని నన్నే గదిమి లోపలికెళ్లిపోయింది."

అక్క నవ్వింది. ఆ నవ్వు విని పిట్ట లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. పన్ను ఊడిన కథ వచ్చింది. ఊడిన పన్నును పిట్ట డ్రైవరు యూనిఫాం జేబులో దాచిపెడితే, ఆయన టీ కొట్టువాడికి చిల్లరతోపాటు దాన్నీ ఇచ్చేసిన కథ. అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నీళ్లు పట్టడం మర్చిపోయారు, వంట మర్చిపోయారు. "ఇంకోటి చెప్పవే, ఇంకోటి" అని అక్క అడుగుతూనే ఉంది. ఆమె చెప్తూనే ఉంది. చెప్పేకొద్దీ తనలో దాచుకున్నది తరిగిపోతుందేమోనని ఒక మూల భయం వేసింది. అయినా ఆపలేదు.

ఆ తర్వాత ఆమె అడిగింది. "మరి ఇప్పుడెలా ఉంటుందక్కా అక్కడ? తమ్ముళ్లతో కొట్లాడుతుందా?"

"కొట్లాటా! చీపురు విరగ్గొట్టింది మొన్న" అంది అక్క.

"అమ్మా! అది చెప్పొద్దు!" పిట్ట అరిచింది. ఆ "అమ్మా" అక్కదే. టైలరమ్మకు చురుక్కుమంది, కానీ ముందులా గుచ్చుకోలేదు. "చెప్పక్కా, చెప్పు" అంది.

* * *

ఇరవయ్యో రోజు పొద్దున్నే తల్లీకూతుళ్లు బయలుదేరారు. బస్సు కదిలేటప్పుడు పిట్ట కిటికీలోంచి సగం బయటికి వంగి, "పిన్నీ, ఫోన్ చెయ్యి! రోజూ కాదు, బోరు కొడుతుంది, రెండ్రోజులకోసారి!" అని అరిచింది. డ్రైవరు "తల లోపల పెట్టు, ఆ బస్సువాడు తిడతాడు" అని కేకేశాడు.

ఇంటికి వచ్చేసరికి గది నిండా నీలం గుడ్డ. ఇంకా ఇరవై రెండు యూనిఫాంలు మిగిలున్నాయి, నాలుగు రోజుల్లో బడులు తెరుస్తారు. ఇప్పుడు ఏడుస్తూ కూర్చోవడానికి తీరికెక్కడిది అనుకుంటూ ఆమె మిషను ముందు కూర్చుంది. అనుకుంది కానీ, కుడుతూనే ఏడ్చింది. కుట్టు మాత్రం వంకర పోలేదు. డ్రైవరు స్టూలు మీది ఫ్యానును ఆమె వైపు తిప్పి, గుడ్డలు ఎగిరిపోకుండా వాటి మీద కత్తెర పెట్టి, డ్యూటీకి వెళ్లాడు.