నీటికుక్కల గ్రూప్ ఫోటో

కంప్లి బస్టాండు ఎదురుగా చెన్నకేశవ స్టూడియో ఉంది. పొద్దున తొమ్మిదికి తలుపు తీయగానే కృపమణి చేసే మొదటి పని కెమెరా అద్దం తుడవడం. గనుల లారీలు తిరగడం మొదలైనప్పటి నుంచి ఊరంతా ఎర్రదుమ్మే. తుడవకపోతే పెళ్లికూతురు కూడా ఇటుకల బట్టీలోంచి లేచొచ్చినట్టు పడుతుంది. ఆమె పౌడరు డబ్బా, దువ్వెన, స్టూలు సర్దేలోపు బయట వరస తయారు. కొత్త లారీ కొన్నవాళ్లు, పాస్‌పోర్టు సైజు కావాలన్నవాళ్లు, మంగళవారమైతే ఏట్లోంచి వచ్చిన నీటికుక్కలు.

అవి గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని లోపలికొచ్చి, స్టూలెక్కి, మీసాలు సవరించుకుని కూర్చునేవి.

"గడ్డం కొంచెం దించు నాయనా. ఆఁ, ఇట్ల సూడు," అనేది కృపమణి. టక్కున దించేవి. మనుషులకైతే నాలుగుసార్లు చెప్పాలి.

"ముందు దానిది కానీ కృపక్కా," అని లారీల హొన్నూరప్ప తన వంతు వదులుకునేవాడు. "నీళ్లు ఇడిసి అది శానాసేపు ఉండలేదు, పాపం."

పద్దెనిమిదేళ్లుగా ఆ ఊళ్లో ప్రతి పెళ్లీ, ప్రతి బాప్తిస్మమూ తీసింది ఆమే. ఫోటో వెనక పడే ముద్ర మాత్రం యజమాని చెన్నకేశవరావుది. కెమెరాకు ముందేదో వెనకేదో ఆయనకు తెలియదు గానీ, ముద్ర కొట్టడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. కృపమణికి దాని మీద కోపమేం లేదని అందరూ అనుకునేవాళ్లు. ఎందుకు లేదు? బోలెడుంది.

ఆ యేడు బళ్లారిలో వన్యప్రాణుల ఫోటోల పోటీ పెట్టారు. గెలిచిన ఫోటో క్యాలెండరుకెక్కుతుంది, కింద తీసినవాళ్ల పేరుతో సహా. ఆ 'పేరుతో సహా' అన్న ముక్కను కృపమణి మళ్లీ మళ్లీ చదువుకుంది. షరతు ఒకటే. ప్రాణి అడవిదై ఉండాలి, దాని సొంత చోట ఉండాలి. స్టూలూ తెరా పనికిరావు.

ఆదివారం చర్చి గంట కొట్టకముందే కెమెరా భుజాన వేసుకుని తుంగభద్ర ఒడ్డుకు పోయింది. నీటికుక్కలు చేపల కోసం మునకలేస్తున్నాయి. ఆమె కెమెరా ఎత్తిందో లేదో, నోటికందిన చేపను కూడా వదిలేసి పదకొండూ బండ మీదికెక్కాయి. ముసలివి నడిమధ్య, పిల్లలు ముందు వరసలో కింద, పొడుగువి వెనక, కొత్త జంట ఒకదానికొకటి ఆనుకుని. స్టూడియో గోడల మీద పెళ్లి ఫోటోలు ఎన్ని చూశాయో ఏమో, ఒక్కటీ వరస తప్పలేదు.

"అయ్యో నా తల్లులారా! మీరు ఆడుకుంటా ఉంటే గదా తీయాల్సింది!" అని మొత్తుకుంది. అవి గడ్డాలు దించి కదలకుండా చూశాయి. ఇంకేం చేస్తుంది, నొక్కింది.

ఫోటో కడిగి చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఫారం నింపి, తన పేరు రాసి, కవరు తీసుకుపోయి చెన్నకేశవరావు బల్ల మీద పెట్టింది. అదే ఆమె చేసిన తప్పు. ఏ ఫోటో అయినా ముద్ర కోసం ఆ బల్ల మీదికే పోవాలి. పద్దెనిమిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. ఆయన ఆమె పేరు కొట్టేసి, తన పేరు రాసి, పైన ముద్ర గుద్ది పోస్టు చేశాడు.

పక్షం రోజులకు పోటీ తీర్పరి పంపన్న జీపులో దిగాడు.

"చెన్నకేశవరావంటే ఎవురప్పా?"

"నేనే సార్, నేనే!"

తెర వెనకున్న కృపమణికి ఒళ్లు భగ్గుమంది.

"ఫోటో బ్రహ్మాండంగా ఉండాది. కానీ ఇవి సాకిన జంతువులేమోనని మా అనుమానం. సాకినవైతే పక్కన పడేస్తాం. ఏటికాడికి పోదాం పా, నా కళ్ల ముందర ఇంకొకటి తియ్యి."

ఎప్పట్లాగే సంచి మోసుకుంటూ కృపమణి వెనక నడిచింది. ఒడ్డున చెన్నకేశవరావు మూత తీయకుండానే కెమెరా ఎత్తి, "రాండి, రాండి!" అని అరిచాడు. నీటికుక్కలు తల కూడా తిప్పలేదు. ఒకటి మటుకు వచ్చి, ఆయన ప్యాంటు మీద నీళ్లు దులిపి పోయింది. పంపన్న పుస్తకం మూసేశాడు.

"సరేప్పా. నా కళ్ల ముందర ఇంకొకటి పడలేదు గదా, ఈ ఫోటోను లెక్కలోంచి తీసేస్తాండా."

తన ఫోటో పోతోంది. కృపమణి సంచి కింద పెట్టింది.

"ఆ ఫోటో తీసింది నేను సార్."

"కెమెరా నాది!" అన్నాడు చెన్నకేశవరావు.

"కెమెరా మీదే సార్. ఇట్లియ్యండి."

మూత తీసింది. కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది. "ఇట్ల సూడండి నాయనా," అంది, పెద్దగా కూడా కాదు. పదకొండూ బండెక్కి సర్దుకున్నాయి. పంపన్న సంబరపడి దగ్గరికి పోబోయాడు. నడుమ కూర్చున్న ముసలిది పళ్లన్నీ బయటపెట్టి గుర్రుమంది. ఆయన ఒక్క గెంతున వెనక్కొచ్చాడు.

"సాకినవి కాదు సార్," అంది కృపమణి. "ఫోటోకు కూసునే మర్యాద తెలిసినవి, అంతే."

నొక్కింది. అవి ఒక్క చేప కూడా అడక్కుండా నీళ్లలోకి జారిపోయాయి.

పంపన్న పుస్తకం తెరిచాడు. ఉన్న పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

"నీ పేరేందమ్మా?"

చెప్పింది. ఆయన రాస్తుంటే తల ఎత్తుకుని, అక్షరం అక్షరం చూసింది.

"క్యాలెండర్లో కొంచెం పెద్దచ్చరాలు ఏయించండి సార్," అంది. "టీ అంగళ్లల్లో తగిలిస్తారు గదా. రోడ్డున పోయే లారీలోళ్లు బండి ఆపకుండానే సదువుకోవాల."