అమ్మ గూట్లో ఇనప టోపీ

ఆర్మీదక్క వస్తూనే సంచిలోంచి హెల్మెట్ తీసి నా బల్ల మీద పెట్టింది. నల్లబట్టల్లో ఉంది. వాళ్ళమ్మ కతీనె, తొంభై ఆరేళ్ళ మనిషి, ముందురోజే పోయింది.

"ఇది యుద్ధంనాటిదేనని చెప్పరా వినీచో. రేపు పూడ్చేముందు అమ్మ పెట్టెలో పెట్టాలి. పోతూ అదొక్కటే అడిగింది."

మా తొల్మెజ్జో ఊళ్ళో పాత సైన్యపు హెల్మెట్ల వయసు చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. వాటిని సేకరించేవాళ్ళు మిలాన్ నుంచి కూడా వస్తారు. వాళ్ళంటే నాకు పెద్ద గౌరవం లేదు. తుప్పును ముద్దుపెట్టుకునే రకం. కానీ ఈ హెల్మెట్ వేరు. ఆర్మీదక్క కడుపులో ఉండగా ఆమె తండ్రి యాకుమ్ రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ ఆల్పీనీ కొండదళంతో రష్యా మంచులోకి వెళ్ళి తిరిగి రాలేదు. బతికొచ్చిన స్నేహితుడొకడు దీన్ని తెచ్చి, "మీవాడిదే" అని కతీనె చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఇది పొయ్యి పక్క గూట్లోనే ఉంది. మొక్కజొన్న పిండితో పొలెంతా కలుపుతూ ఆవిడ దీనితో మాట్లాడేది, పోట్లాడేది, ఒక్కోసారి అలిగేది కూడా.

"ఇన్నాళ్ళూ లేని అనుమానం ఇప్పుడెందుకక్కా?"

"బార్లో ఆ చెల్సో లేడూ, వాడి నోరు పడిపోను! ఇలాంటివి యుద్ధం తర్వాత కూడా సిపాయిలకి ఇచ్చారట. 'మీ అమ్మ ఎవడో కొత్త సిపాయి గిన్నెకి దండాలు పెట్టింది' అన్నాడు. అందరూ నవ్వారు."

నేను భూతద్దం తీశాను. లోపలి తోలు మీద ముద్ర చూశాను, గాలి రంధ్రాల దగ్గర రివెట్లు చూశాను. అంచు కింద బూడిదపచ్చ రంగు చెక్కుచెదరలేదు. యుద్ధం తర్వాత పూసిన ముదురు ఆకుపచ్చ ఎక్కడా లేదు.

"యుద్ధంనాటిదే. చెల్సోని నోరు మూసుకోమను."

ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఈక గుచ్చే గొట్టం అప్పటికే నా కంటపడింది. ఆల్పీనీలు ఈక పెట్టేది ఎడమవైపు. ఇది కుడివైపు ఉంది. అంటే కోడి ఈకల కుచ్చు పెట్టుకునే బెర్సల్యేరి దళం వాడిది. గూట్లో దీని ముందువైపు ఎప్పుడూ గదికేసే తిరిగి ఉండేది కాబట్టి, ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి గొట్టం ఎడమనే కనిపించేది. పోయినవాడి టోపీ ఎవరూ తలకెక్కించుకోకూడదని కతీనె ఒక్కరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆ మాట మింగేద్దామనుకున్నాను.

"తిట్టడానికి ఇక అమ్మ లేదుగా," అంటూ ఆర్మీదక్క హెల్మెట్ తల మీద పెట్టుకుంది. "నాన్న ఈక ఇక్కడే కదరా..." ఎడమచెయ్యి ఎత్తి తడిమింది. అక్కడ ఇనుము నున్నగా ఉంది. చెయ్యి ఇంకాసేపు వెతికింది. తర్వాత మెల్లగా కుడిచెయ్యి లేచింది. ఆల్పీనీ కూతురికి నేను విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు.

"నీకు ముందే తెలుసు."

"తెలుసక్కా."

"మరి ఇన్నేళ్ళూ మా అమ్మ ఎవరితో మాట్లాడిందిరా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఏడవలేదు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వీడికీ ఎక్కడో ఓ తల్లి ఉండే ఉంటుంది," అంది. "పాపం, ఆవిడకి ఇది కూడా దక్కలేదు."

మర్నాడు ఊరంతా వచ్చింది. చెల్సో టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పెట్టె మూసేవాడు హెల్మెట్‌ను కతీనె తల పక్కన పెట్టబోతే ఆర్మీదక్క ఒప్పుకోలేదు. కాళ్ళ దగ్గర పెట్టించి, ముందువైపు అమ్మకేసి తనే తిప్పింది.

"ఎదురుగా ఉండాలి," అంది నాతో, ఎవరికీ వినబడకుండా. "అలా అయితేనే అమ్మకి ఈక ఎడమన కనిపిస్తుంది."