గౌస్ చెప్పిన టీవీ

ఉల్లిగడ్డ నూనెలో ఎర్రబడుతున్న వాసన.

శుక్రవారం వాసన.

ఖతర్‌లో, నజ్మా వాడలోని ఆ ఇరుకు గదికి మిగిలిన రోజులన్నీ చెమట వాసనే, సున్నం వాసనే. శుక్రవారం మాత్రం నమాజు అయిపోయి, వీధి సద్దుమణిగి, స్టవ్ మీద గిన్నె ఎక్కగానే గదికి ప్రాణం వచ్చేది. మంచాల మీది మనుషులు కిందికి దిగేవాళ్లు. చాప పరిచేవాళ్లు.

ఆ తర్వాత... ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

కథ కోసం.

అవి ఖతర్‌లో చమురు డబ్బు పొంగి పొర్లుతున్న రోజులు. నిన్న ఇసుక ఉన్నచోట ఇవాళ పునాది, రేపు గోడ. ఆ గోడలకు రంగులు వేసేవాడు జలంధర్. మెట్‌పల్లి దగ్గరి పల్లె అతనిది. ఊళ్లో భాగోతం ఆడితే రాజు వేషం అతనిదే. గజ్జె కట్టి ఒక్క కేక వేస్తే చంటిపిల్లలు ఏడుపు ఆపేవాళ్లట. ఆ సంగతి అతనే చెప్పుకునేవాడు. చెప్పుకున్నంత మాత్రాన అబద్ధం కాదు.

మొదట్లో శుక్రవారం జలంధర్‌దే.

చాప మధ్యలో అతను. చుట్టూ వీళ్లు. తాతలనాటి భాగోతంలోంచి ఒక్కో ఘట్టం తీసి, పాడి, ఆడి... అన్నం చల్లారిపోయినా ఎవరికీ పట్టేది కాదు. గదిలో పెద్దవాడు పోశన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకునేవాడు.

"జలంధరూ, నువ్వు లేకుంటె ఈడ నాకు పిచ్చి లేస్తుండెరా" అనేవాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని జలంధర్ వారమంతా ఎండలో నిలబడేవాడు. ఇంకేముంది అతనికి? ఆ చాప మధ్య చోటు. అంతే.

ఆ చోటు గౌస్‌కు పోయింది.

గౌస్ లాక్కోలేదు. కొట్లాడలేదు. ఊరికే, ఒక శుక్రవారం, ఉల్లిగడ్డలు తరుగుతూ తరుగుతూ నోరు విప్పాడు.

గౌస్ మొహియుద్దీన్‌ది బోధన్. పగలు ఒక ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో వంటమనిషి, రాత్రికి ఈ గదిలోనే పడక. ఆ ఇంట్లో రంగుల టీవీ ఉంది. టీవీ కింద క్యాసెట్లు వేసే పెట్టె ఉంది. దొరసాని తల్లి అక్కడ ఇంగ్లండులో కూర్చుని, శనివారాలూ ఆదివారాలూ తమ టీవీలో వచ్చేదంతా క్యాసెట్లకు ఎక్కించి కూతురికి పంపేది. ఏరేది కాదు, కోసేది కాదు. కుస్తీలు, నవ్వులాటలు, పొద్దుపోయాక వేసే దయ్యాల సినిమాలు, ఆఖరికి టీవీ కట్టేసే ముందు ఒంటరిగా తిరిగే గడియారం కూడా.

ఒక తల్లి బెంగతో నింపి పంపిన క్యాసెట్లు. వాటిలోంచి గౌస్ శుక్రవారం శుక్రవారం ఇంత తెచ్చి ఈ గదిలో పంచేవాడు.

"యల్లా, వినుండ్రి" అనేవాడు, అక్కడి అరబ్బుల మాటతో.

కుస్తీ చెప్పాడు. ముందు వరసలో ముసలమ్మలు కూర్చుంటారట. వస్తాదు అన్యాయం చేస్తే లేచి చేతిసంచీతో వాడి వీపు వాయగొడతారట. గది పడీ పడీ నవ్వింది.

వాన సంగతి చెప్పే మనిషిని చెప్పాడు. కోటు వేసుకుని, దేశం పటం ముందు నిలబడి, చేత్తో మబ్బులు తెచ్చి ఊళ్ల మీద అతికిస్తాడట. పోశన్న ముందుకు వంగాడు.

"మా కోరుట్ల మీద గూడ ఒకటి పెట్టుమను గౌసూ. రెండేండ్లాయె, చెర్ల చుక్క నీళ్లు లేవు."

గౌస్ నవ్వలేదు. గోడ మీద వేలితో మబ్బు గీశాడు. "పెట్టిన పోశన్నా. పడ్తది" అన్నాడు.

ఆ తర్వాత... చేపల కొట్టు కథ మొదలుపెట్టాడు.

ఇంగ్లండులో ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఒక ఊరు. ఆ ఊళ్లో చేపలు వేయించి అమ్మే కొట్టు. కొట్టు ఆమెకు మొగుడు లేడు. శనివారం సాయంత్రం బస్సు నడిపే ముసలాయన ఒకడు వచ్చి పొట్లం కట్టించుకుంటాడు. ఆయన చేప తినడు. వాసనే పడదు. అయినా కొంటాడు. వీధి మలుపు తిరిగాక పిల్లికి వేస్తాడు. ఆమెతో ఒక్క మాట చెప్పాలని వస్తాడు... చెప్పలేక చిల్లర తీసుకుని పోతాడు.

ఇంతే కథ.

ఇంతే కథ నెలల తరబడి నడిచింది. ఒక శుక్రవారం, ఆయన చొక్కాకు గుండీ ఊడిందని ఆమె చూసింది. చూసి, ఏమీ అనలేదు. ఇంకో శుక్రవారం, బస్సు చెడిపోయి ఆయన రాలేదు. ఆమె కట్టిన పొట్లం ముందు పెట్టుకుని కొట్టు మూయకుండా కూర్చుంది.

పెళ్లాల ముఖం చూసి ఏళ్లు గడిచిన మగవాళ్లు. ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాళ్లు. వారం నడుమ, కంపెనీ బస్సులో, వాదులాడుకునేవాళ్లు.

"ఈ వారం చెప్తడంటవా?"

"ఏడ చెప్తడు! భయస్తుడు."

జలంధర్ కడుపు మండేది.

మండిందంటే మండింది. అందులో దాచేది ఏముంది? తన పాటకు చెమ్మగిల్లిన కళ్లే ఇప్పుడు గౌస్ వైపు తిరిగి మెరుస్తుంటే ఎవరి కడుపు మండదు?

"గదేం గొప్ప? టీవీల జూసింది జెప్తుండు. గా పెట్టె నా ముంగట ఉంటె నేను జెప్పనా?"

పైకి అనలేదు. లోపల అనుకునేవాడు. ఆ ఒక్క మాటే ఊరట. గొప్ప గౌస్‌ది కాదు, పెట్టెది. పెట్టెది... పెట్టెది... అని సున్నం గీకుతూ జపం చేసుకునేవాడు.

అయినా — ఇది అతను చచ్చినా ఒప్పుకోడు — బస్సాయన ఆ మాట చెప్తాడా లేదా అన్నది అతనికీ కావాలి. గౌస్ మొదలుపెట్టగానే గోడవైపు తిరిగి పడుకునేవాడు. చెవి మాత్రం ఇటే ఉండేది.

అట్లా ఉండగా, ఏసీ నీళ్లు కారి ఒక బంగళాలో గోడ ఉబ్బిందని కంపెనీ జలంధర్‌ను పంపింది.

గౌస్ పనిచేసే బంగళాకే.

ఉబ్బింది హాలు గోడ. హాల్లోనే టీవీ. మధ్యాహ్నం దొరసాని క్యాసెట్ పెట్టి, సోఫాలో కాళ్లు ముడుచుకుంది. జలంధర్ నిచ్చెన మీద ఉన్నాడు. బ్రష్ ఆడుతూనే ఉంది. కళ్లు మాత్రం...

కుస్తీ వచ్చింది. ముసలమ్మ లేచింది, సంచీ ఎత్తింది. నిజమే!

వాన మనిషి వచ్చాడు. మబ్బులు అతికించాడు. అదీ నిజమే!

దొరసాని ముక్కు ఎగబీల్చింది. ఎప్పుడో పడి, ఎప్పుడో ఆరిపోయిన వాన అది. తన ఊరి వాన. దాన్ని చూసి ఆమె కళ్లు తుడుచుకుంటోంది... జలంధర్‌కు ఒక్క క్షణం ఆమె తమ గదిలో మనిషే అనిపించింది.

అప్పుడు చేపల కొట్టు వచ్చింది.

జలంధర్ చెయ్యి ఆగిపోయింది. గాజు వెనక ఆమె. టోపీ పెట్టుకున్న ముసలాయన. ఆమె పొట్లం అందించింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, లొట్టలు వేసి, కన్ను గీటాడు. ఏదో పాట. ఏవో పెద్ద అక్షరాలు.

అయిపోయింది.

తర్వాత సబ్బు వచ్చింది. తర్వాత చాయ్ పొడి వచ్చింది.

సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు వేసే బొమ్మల్లాంటిదే. అడ్వర్టైజ్‌మెంటు!

జలంధర్ ఇంకా ఎదురుచూశాడు. బస్సు రాలేదు. పిల్లి రాలేదు. గుండీ ఊడలేదు. దొరసాని ఇంకో క్యాసెట్ పెట్టింది. అందులోనూ అదే ముక్క, అదే కన్ను గీటడం.

నీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి నడిచాడు. గౌస్ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. జలంధర్ అతని పక్కనే నిలబడి హాల్లోకి చూశాడు. అక్కడి నుంచి టీవీ సగం కూడా కనబడదు. తలుపు అడ్డం. ఒక పక్క కాస్త వెలుగు... అంతే. నవ్వులు వినబడతాయి. ఎవరు నవ్వారో తెలియదు.

గౌస్ గ్లాసు అందించాడు. జలంధర్ నీళ్లు తాగి వచ్చేశాడు.

దొరికాడు!

ఆ వారమంతా జలంధర్ కాళ్లు నేల మీద నిలవలేదు. శుక్రవారం రానీ. గది నడుమ నిలబెట్టి వీడి బండారం బయటపెట్టాలి. అంతా ఉత్తదే, టీవీలో అసలు ఆ కథే లేదు అనాలి. ఆ మాటలు గోడకు చెప్పి చూసుకున్నాడు. రాజు వేషం గొంతుతో చెప్పి చూసుకున్నాడు.

చెప్పుకుంటుంటేనే దెబ్బ తగిలింది.

పెట్టెలో లేదు. మరి ఎక్కడిది?

గుండీ ఎక్కడిది? పిల్లి ఎక్కడిది? మూయకుండా కూర్చున్న ఆ కొట్టు ఎక్కడిది? అన్నీ ఆ ఉల్లిగడ్డలు తరిగే మనిషివి. కన్ను మూసి తెరిచేలోపు పోయే బొమ్మలోంచి అంత లోకం తీశాడు గౌస్. బండారం బయటపెడితే బయటపడేది అదే. పోశన్న ముక్కున వేలేసుకుంటాడు. "ఇదంత నీ తలకాయల్నుంచే పుట్టిందారా!" అంటాడు. ఇక ఆ చాప మధ్య చోటు గౌస్‌ది కాక ఎవరిది?

తను పాడిందంతా తాతలు కట్టింది. ఒక్క మాటా తను పుట్టించింది కాదు. అది లోటని జలంధర్‌కు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఇదివరకు మండింది పెట్టె మీద. ఇప్పుడు మండుతోంది మనిషి మీద. ఈ మంటకు ఊరట లేదు.

శుక్రవారం వచ్చింది.

చాప పరిచారు. గౌస్ స్టవ్ దగ్గర గరిటె తిప్పుతున్నాడు. పోశన్నకు ఎవరు చెప్పారో, కూర్చుంటూనే అడిగాడు.

"జలంధరూ, నువ్వు గా బంగళల్నే రంగేసినవంట గద! టీవీ జూసినవా? గా చేపలామె ఎట్లుంటదిరా?"

గరిటె ఆగింది.

గౌస్ ఇటు తిరిగాడు. చెప్పకు అని అడగలేదు. అడగాలని ఉంది... ఆ కళ్లల్లో తెలుస్తోంది.

జలంధర్ గొంతు సవరించుకున్నాడు. నవ్వాడు కూడా.

"జూసిన. గౌస్ భాయ్ జెప్పినట్టే ఉన్నది. మాటకు మాట. అండ్ల గౌస్ భాయ్‌ది ఏం లేదు, పోశన్నా. టీవీల ఉన్నదే జెప్తుండు."

గౌస్ ముందు ఊపిరి వదిలాడు. తర్వాత ఆ చివరి మాట తగిలింది. తనది ఏమీ లేదు. ఎంత మెత్తగా, ఎంత తీయగా, ఎంత అన్యాయంగా అన్నాడో అర్థమైంది. కాదని ఎట్లా అంటాడు? కాదంటే ఇన్నాళ్లూ అబద్ధమాడినట్టు. అవునంటే తనది ఏదీ లేనట్టు.

జలంధర్ కడుపు చల్లబడింది. ఎన్ని నెలల మంట!

"గట్లయితె మనం జూసినా జెప్తుంటిమి" అన్నాడు ఎవరో.

"అవు గద!" పోశన్న తొడ చరిచాడు. "గౌస్ వంటింట్ల నుంచి జూస్తడు. జలంధర్ ఎదురుంగ ఉండి జూసిండు. రా జలంధరూ, నడుమ కూసో. మిగిల్నది నువ్వే జెప్పు. గుండీ కుట్టియ్యనా అని ఆమె అడిగింది గద... బస్సాయన నోరు దెరిచిండు. గక్కడ ఆగింది."

జరిగి చోటిచ్చారు. చాప మధ్య చోటు. అతని చోటు.

జలంధర్ వెళ్లి కూర్చున్నాడు.

చుట్టూ కళ్లు. అవే కళ్లు, మళ్లీ తన వైపు. ఒక్క మాట కావాలి. ఆ ముసలాయన నోట్లోంచి ఒక్క మాట... భాగోతమంతా వెతికాడు. రాజుల మాటలున్నాయి, యుద్ధాల మాటలున్నాయి. గుండీ ఊడిన మనిషి మాట ఒక్కటీ లేదు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

గౌస్ స్టవ్ ఆర్పాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. వచ్చి, వాళ్ల మధ్యలో, పోశన్న పక్కన, చాప అంచున కూర్చున్నాడు. మోకాలి మీద గడ్డం ఆనించాడు. ఎగతాళి లేదు ఆ ముఖంలో. నిజంగానే వినడానికి వచ్చిన మనిషి ముఖం.

"చెప్పు జలంధర్ భాయ్" అన్నాడు. "బస్సాయన ఏమన్నడు? నాకు గూడ తెల్వది."