రెండు బకెట్ల చిక్కదనం

ఆరున్నర! మళ్లీ ఆరున్నరే! హరితకు ఆ గాజు గొట్టాన్ని గోడకేసి కొట్టాలనిపించింది.

ఉప్పల్ బజ్జీ బండ్ల దగ్గర కాగికాగి నల్లబడ్డ నూనెను కొనుక్కొచ్చి, నాచారంలోని ఈ రేకుల షెడ్డులో శుద్ధిచేసి డీజిల్‌గా మారుస్తారు. అది సన్నటి గొట్టంలోంచి ఎంతసేపట్లో జారుతుందో చూసి, చిక్కదనం లెక్కగట్టి సంతకం పెట్టడం హరిత పని. లెక్క ఐదు దాటిందా, ఇంజన్‌లో సరిగ్గా మండదు, కొనేవాడు ముట్టుకోడు. ఇప్పటికే రెండు లోడ్లు ఇలాగే ఆగిపోయాయి. మూడోదీ ఆగితే నువ్వూ రానక్కర్లేదమ్మా అని యజమాని జనార్ధనరావు పొద్దున్నే తేల్చేశాడు.

నెల రోజులుగా ఆమె కడగని గొట్టం లేదు, మార్చని థర్మామీటర్ లేదు. చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని ఏడుపొచ్చింది. పీపాల్లోంచి శాంపిల్ పట్టి తెచ్చేది ముసలి మొగిలయ్య. ఈసారి తనే పట్టుకుందామని షెడ్డులోకి విసవిసా నడిచింది.

మొగిలయ్య మిగిలిన ఒక్క ఖాళీ పీపాలోకి బకెట్‌తో నల్లటి నూనె వంపుతున్నాడు. శుద్ధిచెయ్యని నూనె!

"పెద్దయ్యా! ఏంటది పోస్తున్నావు?"

"మెల్లగ బిడ్డా, ఎవలన్న ఇంటరు. ట్యాంకిల నూనె మస్తు పల్చగొస్తున్నది. పీపకు రెండు బకెట్లు గిది పోస్తే జర చిక్కగైతది."

"నీకెవరు చెప్పారయ్యా ఈ మాట?"

"ఒకలు చెప్పాల్నా? ఇరవై ఏండ్లు కీసర నుంచి తెచ్చి ఉప్పల్‌ల పాలు పోసిన. ఒక ఎండకాలం పాలు పల్చగైతే, నీళ్లు కలిపినవని కాలనీవోళ్లు మందిల నా మీదనే గుమ్మరించిన్రు. కలుపలేదంటే నమ్మిన్రా? గీ పీపల మీద నీ సంతకం ఉంటది గద. గా మాట నీకు రావద్దని."

హరిత వంగి పీపాలోకి చూసింది. కోపం మాత్రం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియలేదు, అంతే. గేటు దగ్గర మూడో లోడుకొచ్చిన లారీ హారన్ మోగింది.

"ఎన్ని పీపాల్లో పోశావు?" అని అడిగింది.

మొగిలయ్య తువ్వాలుకు చేతులు తుడుచుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ముప్పై పీపలల్ల ఒక్కటి గూడ ఇడువలే."