దిన్నె మీది విత్తనం

ఈరక్క వంగి రాగి కంకి మెడను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. నల్లగా, పొడిపొడిగా రాలింది. వదిలేసి పక్కదాన్ని పట్టుకుంది. చేలో కొడవలి పడకముందే ఇంటి ఆడమనిషి విత్తనపు కంకులు ఏరాలి. ఆ గుత్తిని పొయ్యి మీద వాసానికి పొగ తగిలేలా కట్టాకే కోత. అత్త చేసిన పని, ముప్పయ్యేళ్లుగా తను చేస్తున్నది.

కంకి మెడను నల్లగా మాడ్చే అగ్గితెగులు ఆమె రాగులకు రాదని నాగలమడిక ఊరంతా పేరు. "ఈరక్కను చూస్తే తెగులు గూడా దోవ మార్చుకుంటాదప్పా" అని ఏటి పక్క చేను నరసప్ప ఎగతాళి చేసేవాడు. మర్నాడు చాట పట్టుకుని విత్తనాలకు తనే వచ్చేవాడు.

రెండేళ్ల కిందట వ్యవసాయ శాఖ ఆయన ఒకరు వచ్చి, చేలో ఏ మూల కంకులు ఏరుతావని అడిగాడు. రాళ్లదిన్నె మీదివని, అక్కడ ఎప్పుడూ మచ్చ ఉండదని గొప్పగా చెప్పింది. ఆ దిన్నె మీద గాలికి తెగులు తెచ్చే మంచు నిలవదని, విత్తనానికి ఎంత బలముందో మబ్బు పట్టిన ఏడాదే తెలుస్తుందని ఆయన అన్నాడు. ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది. అయినా మళ్లీ దిన్నె మీదే ఏరింది. చేతికి అదే అలవాటు.

ఈ ఏడు కంకి తీసే వేళకు పద్నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆకు మీది తడి మధ్యాహ్నానికీ ఆరలేదు.

కొడుకు గంగాధర పంట ఇంటికొస్తే ఉంటానన్నాడు, రాకుంటే పటాలంలో చేరతానన్నాడు. పోయిన యుద్ధానికి వెళ్లిన ఆమె అన్న దొడ్డన్న కబురైనా తిరిగి రాలేదు. కొడుకు పొలిమేర దాటితేనే పామనీ వాగనీ జ్వరమనీ వరసగా తలచుకునే మనిషి ఈరక్క. తుపాకుల దాకా ఆమె మనసు పోనే పోలేదు, ముందే ఆగిపోయింది.

దిన్నె ఎక్కింది. అక్కడా మెడలన్నీ నల్లగా వాలి ఉన్నాయి. నిటారుగా నిలిచినది ఒక్కటి కనబడితే ఆశగా నలిపింది. అరచేతిలో తాలు మిగిలింది.

ఇంటికొచ్చేసరికి గంగాధర గడప దగ్గర కొడవలి నూరుతున్నాడు. తలెత్తి ఆమె ఖాళీ ఒడి చూశాడు. నూరడం ఆపాడు.

"దిన్నె మీద గూడానా మా?"

"ఆడ గూడా నాయనా."

కొడవలిని చూరులో దోపి, కాళ్లు కడుక్కుని వచ్చాడు. ఆమె సంగటి పెట్టింది. రేపు పోవచ్చు కదా అని మెల్లగా అంది.

"ఈ పొద్దే పావగడకు బండి ఉండాది. నేనుంటే ఇద్దరం తినేదేంది మా?"

తడిసిన కంబళి కప్పుకుని పడుకోవద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది. అతను ఊఁ అన్నాడు. పొద్దు వాలకముందే బండి ఏటి ఇసుకలో దిగి అవతలికి ఎక్కింది.

ఈరక్క లోపలికొచ్చి, వండేదేమీ లేకపోయినా పొయ్యి ఊదింది. పైన వాసానికి, పోయినేడాది విత్తనపు గుత్తిని కట్టిన నారతాడు, విత్తేటప్పుడు ముడి విప్పకుండానే కంకులు లాగేసినది, మసిబారి, పిడికెడు ఖాళీని చుట్టుకుని పొగలో ఊగుతోంది.