తల వెనక సంగతి

రంగుల షాపుకి వచ్చి నన్ను దగ్గు మందు అడిగినవాళ్ళు ఈ ఇరవై ఏళ్ళలో ఎంతమందో చెప్పలేను. మా షాపుకి ఎదురుగా, రోడ్డు అవతల, మందుల షాపు ఉంది. అక్కడి కౌంటరు వెనక మా అక్క ఉంటుంది. నాకంటే పదకొండు నిమిషాలు పెద్దది. అవే కళ్ళు, అదే ముక్కు, నవ్వితే ఎడమవైపు కాస్త ఎక్కువ సాగే అదే నోరు. పొద్దున దాని దగ్గర మాత్రలు కొనుక్కున్న ముసలాయన సాయంత్రం పెయింటు డబ్బాల మధ్య నన్ను చూసి, "ఇవి తిండికి ముందా, తరవాతా అమ్మా?" అంటాడు. వార్నిష్ ఎంతసేపట్లో ఆరుతుందని అక్కని అడిగినవాళ్ళూ ఉన్నారు. అది తడుముకోకుండా చెబుతుంది: "పన్నెండు గంటలు. ఈలోపు కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి."

చాలాకాలం నేనూ నవ్వాను. నలభై రెండో ఏట నవ్వు రావడం తగ్గింది.

మొన్న గురువారం కూరగాయల బజారులో బావ ఎదురై నా చేతిలో సంచీ పెట్టాడు. "ఆకుకూర వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, వాడిపోతుంది" అని చెప్పి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. అక్కతో పదిహేనేళ్ళుగా కాపురం చేస్తున్నవాడు. ఆ సంచీ పట్టుకుని నేను కాసేపు బజారు మధ్యలోనే నిలబడిపోయాను. బావ మీద కోపం రాలేదు. పాత చేదు ఒకటి గొంతులోకి వచ్చింది.

దాని కథ ఇది. మాకు ఆరేళ్ళప్పుడు అమ్మ మా గౌన్లకి వేరువేరు గుండీలు కుట్టేది. నాకు ఎర్రవి, అక్కకి తెల్లవి. ఒకరోజు ఇద్దరం గౌన్లు మార్చుకున్నాం. అది అక్కకి ఆముదం పట్టాల్సిన రోజని నాకు తెలియదు. అమ్మ తెల్ల గుండీలు చూసింది, నా గడ్డం పట్టుకుంది, చెంచా నోట్లో పెట్టింది. "నేను కాదమ్మా" అనొచ్చు. అనలేదు. అమ్మకే తెలియకపోతే నేను నేనేనని ఇంకెవరు చెప్పాలి? ఆ చిన్న బుర్రలో ఈ ప్రశ్న ఇన్ని మాటల్లో పుట్టి ఉండదు. కానీ పుట్టింది. ఆముదం ఆ పూటే దిగిపోయింది, ప్రశ్న మాత్రం ముప్పై ఆరేళ్ళుగా దిగలేదు.

బజారు నుంచే వెళ్ళి జుట్టు రంగు కొన్నాను. నెమలికంఠం నీలం. దూరం నుంచి చూసినా, వెనక నుంచి చూసినా, బావలాంటివాడు చూసినా, నేను నేనే అని తెలిసే రంగు.

ఆదివారం మధ్యాహ్నం, మేడ మీది నా ఒంటిగది ఇంట్లో, బాత్రూము నేల మీద పాత వార్తాపత్రికలు పరిచాను. చెవుల మీదా నుదుటి అంచునా రంగు అంటకుండా పెట్రోలియం జెల్లీ రాసుకున్నాను. అక్కకి చెప్పలేదు. ఎలా చెప్పాలి? నలభై రెండేళ్ళు కలిసి మోసిన మొహాన్ని ఒకరు దింపేస్తుంటే, రెండోవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే అంతా అయ్యాక చూపిద్దామనుకున్నాను. దొంగతనం చేసేవాళ్ళు కూడా ఇలాగే అనుకుంటారేమో.

నల్ల జుట్టు మీద నీలం కనిపించదు. ముందు జుట్టులోని నలుపు పోగొట్టాలి. ఘాటైన బ్లీచు ముద్దని కుంచెతో ముందు సగానికి బాగానే పట్టించాను. వెనక సగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అందలేదు. రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుంటే, కుడికి పొమ్మన్న చెయ్యి ఎడమకి పోయింది. మెడ పట్టేసింది. కుంచె చెవిలో దూరింది. గత్యంతరం లేక ఫోను తీశాను.

"వెంటనే రా. మీ షాపు గ్లౌజులుంటే రెండు తెచ్చుకో."

"ఎవర్ని చంపావే?" అంది అక్క.

పది నిమిషాల్లో వచ్చి బాత్రూము గుమ్మంలో నిలబడింది. అప్పటికి నా తల ముందు సగం మొక్కజొన్న పీచు, వెనక సగం కాకి రెక్క.

"ఇదేం అవతారమే!"

"నీలం వేసుకుంటున్నా."

"జుట్టుకా?"

"కాదు, గోడకి."

అది నవ్వలేదు. అద్దంలో ఇద్దరి మొహాలూ కనిపిస్తున్నాయి. దాని నోటి ఎడమ కొస కిందికి జారింది. నాదీ జారింది.

"అంటే ఇక నాలా ఉండవన్నమాట" అంది.

నేను కారుతున్న కుళాయి బిగించాను.

"నలభై రెండేళ్ళు అద్దె లేకుండా నా మొహంలో కాపురముండి, ఇప్పుడు చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తావా?"

"నీ మొహమా? పదకొండు నిమిషాలు ముందొచ్చినంత మాత్రాన రిజిస్ట్రేషన్ నీ పేర అయిపోయిందా?"

ఈసారి ముక్కుతో నవ్వింది. గ్లౌజులు తొడుక్కుంటూ, పెట్టె మీది సూచనలన్నీ రెండుసార్లు చదివింది. మందుల షాపు అలవాటు. "వంగు. ముందు ఇది కడగాలి, లేకపోతే జుట్టు ఊడి చేతికొస్తుంది" అని, ముందు సగం కడిగేసి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, నా వెనక చేరింది. కుంచె తోకతో పాయలు తీస్తూ ముద్ద పట్టిస్తూ, నడినెత్తి దగ్గర ఆగింది.

"ఉన్నాయే ఇంకా" అంది.

"ఏంటి, పేలా?"

"సుడులు. రెండూ ఉన్నాయి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. నీకు ఒకటీ కాలేదు, రెండూ ఎవరికిచ్చావో."

"నాకు రెండు సుడులా?"

కుంచె ఆగిపోయింది. "నీకు తెలీదా? నాకు ఒకటే. అమ్మ వాటిని చూసే కదా నిన్ను పిలిచేది."

"గుండీలు చూసి పిలిచేది."

"గుండీలు టీచర్ల కోసం, చుట్టాల కోసం. రోజూ జడలు వేసే మనిషికి గుండీలతో ఏం పని? జడ వేసేటప్పుడు మొహమే కనపడదు."

"మరి ఆముదం?" అన్నాను.

"ఏ ఆముదం?"

చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, దానికి వీపు పెట్టి కూర్చుని, గోడమీది పలకలకి చెబుతున్నట్టు చెప్పాను. గౌను, గడ్డం, చెంచా, ఆ ప్రశ్న. నా భుజాలు కదలడం మొదలైంది. కదిపేది అది. నా మీద చేతులానించి నవ్వుతోంది.

"పిచ్చిదానా! నేను తలుపు వెనకే ఉన్నా. నువ్వు మింగి అటు పోగానే నన్ను చెవి పట్టి లాగింది. 'దాని వేషానికి దానికో చెంచా అయింది. నీ కడుపుకి నీకో చెంచా' అని నాకూ పోసింది. నాకే నిండుగా పోసింది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నీ తల వెనక ఏముందో నీకు తెలీదని నాకేం తెలుసే!"

నేనెంత బుద్ధిమంతురాలినో అప్పుడు అర్థమైంది. నేనెవరో చెప్పే గుర్తు కోసం నా జీవితమంతా అద్దం ముందు నిలబడి వెతికాను. అది నడినెత్తిన, జుట్టు మాటున, నా కంటికి ఎప్పటికీ అందని చోట ఉంది. ఇద్దరు మనుషులకి మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ కనిపిస్తూనే ఉంది. గొంతులో ఏదో జారింది. చేదుగా లేదు.

"అయితే నీలం మానేస్తావా? ఇప్పుడైనా నల్లరంగు వేసి సర్దేయొచ్చు" అంది అక్క. ఆ అడగడంలో ఒక చిన్న ఆశ కూడా ఉంది, దాచినా వినిపించింది.

ఆలోచించాను. ఇందాకటి అవసరం పోయింది. వెతికి చూసినా ఆ గుబులు కనిపించలేదు. దాని చోట ఇంకోటి ఉంది, చాలా తేలికైనది. చిన్నపిల్లకి గాలిపటం చూస్తే వచ్చేలాంటిది.

"వెయ్యి. ఇందాకటిదాకా గత్యంతరం లేక. ఇప్పుడు సరదాకి."

వెనక సగం కూడా మొక్కజొన్న పీచయ్యాక కడిగి, తలంతా నీలం పట్టించింది. గంట ఆగాం. మళ్ళీ కడిగింది. తువ్వాలు తీసి అద్దంలో చూసుకున్నాను.

ఆకుపచ్చ.

రోజుకి పదిమందికి చెబుతాను: పాత గోడ పసుపు రంగైతే ముందు తెల్ల ప్రైమర్ కొట్టండి, లేకపోతే మీ నీలం ఆకుపచ్చై కూర్చుంటుందని. బొట్టు బొట్టు లెక్కన రంగులు కలిపే మనిషిని. నా తలే పసుపు గోడ అని నాకు తట్టలేదు.

"రామచిలకా!" అని అరిచి అక్క తడినేల మీద కూలబడింది. నవ్వీ నవ్వీ దానికి కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఇంకో డబ్బా తెచ్చి నీలం చేద్దామా?"

తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. కుదుళ్ళలో లేత అరిటాకు, చివర్లలో నెమలికంఠం. ఇలాంటి రంగు మా షేడ్ కార్డులో లేదు.

"వద్దు. బాగుంది."

సోమవారం మా యజమాని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎన్నో నంబరు షేడు?" అన్నాడు. "నంబరు లేదండీ, ఇంట్లో కలిపింది" అన్నాను. ఆయన నిజంగానే ఒక కాగితం తీసి రాసుకోబోయాడు. రోజూ వచ్చే పెయింటు మేస్త్రీ నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఈ రంగు కొడితే ఇల్లు అద్దెకి నిలవదమ్మా, ఎగరేసుకుపోతారు" అన్నాడు. సాయంత్రం ముసలాయన మాత్రల పొట్లం పట్టుకుని లోపలికి రెండడుగులు వేసి ఆగాడు. నా మొహం చూశాడు, తల చూశాడు.

"మీరు మందులమ్మ కాదు కదా?"

"కాదండీ. నేను రంగులమ్మని."

"అదీ సంగతి" అంటూ రోడ్డు దాటి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. నాకు ఈల వేయాలనిపించింది. వేయడం రాదు కాబట్టి ఒక డబ్బా మూత మోగించాను.

మర్నాడు మధ్యాహ్నం అక్క నాకు అన్నం డబ్బా ఇద్దామని మా షాపులోకి వచ్చింది. నేను అరల వెనక ఉన్నాను. గుమ్మంలో మేస్త్రీ ఎదురై దాని నల్లటి జుట్టు చూసి కొయ్యబారిపోయాడు.

"అయ్యో, అప్పుడే పోయిందా అమ్మా రంగు? నిన్న ఎంత బాగుంది!"

అక్క కళ్ళు కూడా ఆర్పలేదు. "తలంటుకుంటే పోయిందండీ. ఈ షాపులో అంతా నాసిరకం సరుకు."

యజమాని కుర్చీలోంచి లేచాడు. నేను అరల వెనకనుంచి, "అక్కా, నా ఉద్యోగం ఊడగొట్టకే!" అంటూ బయటికి వచ్చాను. మేస్త్రీ ఆ నల్ల తలనీ ఈ ఆకుపచ్చ తలనీ మార్చి మార్చి చూసి, గోడకి ఆనుకున్నాడు. నవ్వు ఆపుకోలేక చేతిలోని మూత జారి దొర్లిపోతే, దానికోసం వంగాను. వెనకనుంచి అక్క వేలి కొస నా నడినెత్తి మీద మెల్లగా రెండుసార్లు తట్టింది, ఒక్కో సుడి మీద ఒక్కోసారి.

"ఉన్నాయిలే" అంది. "ఆకుపచ్చగా ఉన్నాయి."