విశ్వాసమ్మ సాలు

విశ్వాసమ్మ ఉపవాసం చేసి చేసి సచ్చిపోయిందంట. కుళాయి కాడ బిందె పెట్టి తిరుపతమ్మ చెప్పిన మాట ఇది. ఆమెకు షేర్ ఆటో నరసన్న చెప్పినాడంట, నరసన్నకు ఫ్యాక్టరీ వాచ్‌మన్ చెప్పినాడంట. ఈస్టరుకు ముందర శ్రమ దినాలు కదా, చర్చికి పోయేవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా ప్రార్థన చేస్తారంట, ఆ రేకుల షెడ్డులో, ఆ ఎండకు ఇంగ మనిషి నిలబడతాదా అని తిరుపతమ్మ జాలిపడింది కూడా.

ఆ మాట విని ఓబులమ్మ బిందె ఎత్తుకుని ఇంటికొచ్చింది. విశ్వాసమ్మ ఉపవాసం లేదు. ఆ పొద్దున పనికి పోతా ఇద్దరూ ఆటోలో ఒకే జొన్నరొట్టె తుంచుకుని తిన్నారు. నీళ్లు మాత్రం విశ్వాసమ్మ తాగలేదు. ఎందుకు తాగలేదో ఓబులమ్మకు తెలుసు.

కల్లూరు దాటితే ఆ ఫ్యాక్టరీ. బెల్టు మీద వేరుశనగ గింజలు నడిచొస్తా ఉంటే అటూ ఇటూ కూచుని పుచ్చులూ నల్లవీ రాళ్లూ ఏరెయ్యాల. ఏరేది అంతా ఆడోళ్లే. నందికొట్కూరు పక్క చేలల్లో కూలికి పోయి, చేలు ఎండిపోయినాక కల్లూరు చేరినోళ్లే. మేనేజర్ అవినాష్ మైదుకూరు పక్క పెద్ద రైతుల ఇంటి బిడ్డ. ఎక్కడో శిక్షణకు పోయొచ్చి, ఒకరోజు అందర్నీ నిలబెట్టి మాట్లాడినాడు. ఇకమీదట ఒక్కో బెల్టు ఒక్కో టీమంట. టైం టీం చేతుల్లోనే ఉంటుందంట. నీళ్లకు లేచినా, దొడ్డికి లేచినా ఎవరూ అడ్డం రారు. కాకపోతే బెల్టు వెనకబడితే ఎర్రబల్బు వెలుగుతుంది. అది వెలిగినంతసేపూ టీం మొత్తానికి అన్నం టైం కోత.

అరిచే సూపర్‌వైజర్ ఇంక అక్కర్లేదన్నాడు. నిజంగానే అక్కర్లేకపోయింది. మర్నాటినుంచి ఆడోళ్లే ఒకరికొకరు కాపలా. లేచినామెను కూచున్నోళ్లు తిట్టేది. నీ ఉచ్చకోసం మా ముద్ద పోవాల్నా మే అని సొంత ఆడబిడ్డను అడిగినామె కూడా ఉండాది.

ఓబులమ్మను టీం లీడర్ చేసినారు. చేలల్లో మునుం నడిపించిన మనిషి. కలుపు తీసే ఆడోళ్లు వరసగా వంగి, తలా ఒక సాలు పట్టుకుని గట్టుదాకా పోవడమే మునుం. ముసలామెనో బాలింతరాలో వెనకబడితే పక్కనున్నోళ్లు ఆమె సాల్లోకి చెయ్యి చాచి కలుపు లాగేవాళ్లు. ఎవరు వెనకబడిందీ ఆసామి కంటికి ఆనేది కాదు. ఓబులమ్మ దాన్నే బెల్టు మీదికి తెచ్చింది. ఒకామె లేస్తే అటామే ఇటామే ఆమె గింజలు చూసుకోవాల. తిట్లు ఆగినాయి. బల్బు వెలగడం మానేసింది. అవినాష్ ఆ టీముకు ఫొటో తీసి గోడకు అంటించినాడు. ఓబులమ్మ పోతా వస్తా దాన్ని చూసుకుని మురిసింది.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక మనిషి లేచినా పని ఆగలేదంటే ఒక మనిషి ఎక్కువున్నట్టే కదా అన్నాడు అవినాష్. ఒకామెను ఇంటికి పంపి ఆమె స్టూలు గోదాంలో పడేయించినాడు. బెల్టు జోరు పెంచినాడు. అక్కాచెల్లెళ్లు ఒకరికోసం ఒకరు దాచుకున్న ఊపిరి ఆయనకు దొరికిపోయింది. ఇప్పుడు పక్కామె సాలు చూసే తీరిక ఎవరికీ లేదు. లేవకుండా ఉండాలంటే నీళ్లు తాగకుండా ఉండాల.

"ఓబులూ, కండ్లు తిరుగుతాండాయి. ఒక గుక్క తాగొస్తా" అనింది ఆ రోజు విశ్వాసమ్మ.

"ఇంగ రోంతసేపు ఓర్చుకోక్కా, గంట కొడతారు" అనింది ఓబులమ్మ తలెత్తకుండా.

విశ్వాసమ్మ ఓర్చుకుంది. ఓర్చుకుని ఓర్చుకుని, స్టూలు మీంచి ఒరిగి బెల్టు కిందికి జారిపోయింది. ఆమె ఏరాల్సిన గింజలు ముందుకు నడిచినాయి. ఇటునుంచి ఓబులమ్మ చేతులు, అటునుంచి పక్క స్టూలు మహిమ చేతులు వాటిమీదికి పోయినాయి. అలవాటు. కాళ్ల కాడ మనిషి పడుంటే చేతులు పుచ్చులు ఏరతాండాయి. బల్బు వెలగలేదు. బల్బు వెలగలేదు కాబట్టి ఎవరూ రాలేదు. మహిమ ముందుగా తన చేతులను చూసుకుని కేక పెట్టింది. ఆసుపత్రి చేరకముందే విశ్వాసమ్మ ప్రాణం పోయింది. సాయంత్రానికల్లా ఉపవాసం మాట గేటు దాటింది.

సమాధి చేసొచ్చినాక చర్చి ముందర షామియానా కిందే అందరూ కూచున్నారు. పక్క బెల్టు మీద ఏరే విశ్వాసమ్మ చెల్లెలి కూతురు ప్రేమజ్యోతి లేచి ఓబులమ్మ మొగంమీదనే అడిగింది, లీడరువు నువ్వే కదా, ఫొటో దిగితివి కదా అని. దిగినా, ఓర్చుకోమన్నదీ నేనే అనింది ఓబులమ్మ. ఆ తర్వాత ఎవరికీ ఆమెను తిట్టబుద్ధి కాలేదు. పని మానేద్దామని ఒకరు, మానేస్తే లారీలో వేరేవాళ్లను దించుతాడని ఇంకొకరు. డిగ్రీ చదివి బెల్టు కాడికొచ్చిన మహిమ అందరి మాటా విని, బయట నిలబడితే కదా దించేది, లోపల మన స్టూళ్ల మీదే కూచుంటే ఎవర్ని యాడ కూచోబెడతాడు అనింది. కూచుని ఏం చేయాలన్నారు.

ఓబులమ్మ అప్పుడు నోరు విప్పింది. "మునుంలో సగమే తెచ్చుకున్యాం మే మనం. వెనకబడినామె సాలు పట్టేది తెచ్చినాం. ముందుపోయినోళ్లు గట్టుమీద కూచునేది మరిచిపోయినాం. కడగొట్టు మనిషి గట్టుకొచ్చిందాకా రెండో మునుం పడితిమా ఎప్పుడన్నా? ఆసామి ఎంత మొత్తుకున్యా పట్టలేదే."

మర్నాడు అందరూ పనికి పోయినారు. గోదాంలోంచి స్టూలు తెచ్చి, ఇంటికి పంపినామెను దానిమీద కూచోబెట్టినారు. విశ్వాసమ్మ స్టూలు ఖాళీగా పెట్టినారు. బెల్టు కదిలింది. గింజలు నడిచొచ్చి ఖాళీ స్టూలు ముందర పోతాంటే ఎవరూ చెయ్యి చాపలేదు. తమ గింజలు ఏరతాండే చేతులు కూడా ఒళ్లోకి వచ్చినాయి. ఎర్రబల్బు వెలిగింది. పక్క బెల్టు ఆడోళ్లు ఆ బల్బు చూసి ఆగినారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. షెడ్డంతా ఎరుపెక్కింది.

అన్నం టైం మొత్తం కోసేస్తానన్నాడు అవినాష్. ఈరోజు ఎవరమూ అన్నం తెచ్చుకోలేదు సార్ అనింది మహిమ. తీసేసిన మనిషిని పనిలో ఉంచాల, బెల్టు జోరు తగ్గించాల, దప్పికైనామె లేచి తాగాల, కోత ఉండకూడదు అని చెప్పింది. విశ్వాసమ్మ ఉపవాసం లేదని అందరి ముందరా నువ్వే చెప్పాల అనింది ప్రేమజ్యోతి. మిగతావాటికి ఆలోచిస్తానన్నాడు. కడపటిదానికి ఫోన్ తీసినాడు.

జీపు వచ్చింది. ఎస్సై లోపలికొచ్చి, లీడరెవరే అన్నాడు. నేనంటే నేనని ఆడోళ్లు లేచినారు. అవినాష్ ఓబులమ్మ వైపు చెయ్యి చూపించినాడు. కానిస్టేబులమ్మ జబ్బ పట్టుకుంటే ఓబులమ్మ స్టూలును గట్టిగా పట్టుకుంది. ఎవరో మోటారు ఆపినారు. అన్నేళ్లలో మొదటిసారి ఆ షెడ్డులో మనుషుల ఊపిరి వినపడింది. అవినాష్ గొంతు తగ్గించి, టైం పోతోంది ఓబులమ్మా, ఇట్లా ఎంతసేపని కూచుంటారు అన్నాడు.

ఓబులమ్మ ఖాళీ స్టూలు వైపు చూసింది.

"విశ్వాసమ్మక్క గట్టుకొచ్చిందాకా."